దారం కట్టని సీసా

పోయిన వారం, చనిపోయిన చర్చి ఆర్గనిస్టు ఫ్లోరియన్ గారి పై పెదవి వేలితో ఎత్తి చూసిన దగ్గర ఆపాను. అక్కడి నుంచే చెప్తాను.

డెట్రాయిట్‌ని ఆనుకున్న హామ్‌ట్రామిక్‌లో మా పోలిష్ ఇళ్ళలో ఎవరు పోయినా కడసారి స్నానం చేయించేదాన్ని నేనే. పేరు పెలాగియా, ఇంట్లో పెల్కా. అప్పటికి పదహారేళ్ళుగా అదే పని. సారా మీద నిషేధం వచ్చి ఏడేళ్ళు దాటిన ఆ ఏడాది, వేసవి మొదలు ముగ్గురు మగవాళ్ళకి స్నానం చేయించాను. ముగ్గురి చిగుళ్ళ మీదా, పళ్ళ మొదట్లో, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నీలం గీత. మొదటి ఇద్దరూ, వించెంటీ, లుకాష్, మోటారు ఫ్యాక్టరీ మనుషులు. ఒకడు రంగుల షెడ్డులో, ఒకడు బ్యాటరీల గదిలో. అక్కడ పని చేసేవాళ్ళకి అలాంటివి వస్తూనే ఉంటాయని ఎవరూ పట్టించుకోలేదు. ఫ్లోరియన్ గారు మాత్రం జన్మలో ఫ్యాక్టరీ గుమ్మం తొక్కలేదు. చర్చిలో ఆర్గన్, ఫాదర్ గారి బంగళా వెనక చిన్న గది, అదే ఆయన లోకం. మరి ఆయన నోట్లోకి ఆ గీత ఎలా వచ్చింది?

గురువారం ఆయన్ని మట్టిచేశాం. శుక్రవారం నేను ట్రామెక్కి డెట్రాయిట్‌లో ఒక ముసలి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండే ప్రశ్నలు వేశాడు. పోయేముందు కడుపులో మెలిపెట్టే నొప్పి ఉండేదా, చేతులు మణికట్టు దగ్గర వాలిపోయాయా. రెండూ ఉన్నాయన్నాను.

"అయితే అది సీసం," అన్నాడు. "ఫ్యాక్టరీలోంచి కాకపోతే తాగేదాంట్లోంచి వచ్చి ఉంటుంది. మీవాళ్ళు సారా ఆవిరిని దేంట్లోంచి పోనిచ్చి చల్లారుస్తున్నారో వెళ్ళి చూడమ్మా. పాత కారు రేడియేటరు కనపడిందా, ఇంక వెతకక్కర్లేదు. దాని అతుకులకి వేసే టంకమంతా సీసమే."

శనివారం మధ్యాహ్నం మా అక్క రోజాలియా ఇంటికి బయల్దేరాను. అనుమానపడి కాదు. పేటలో ఎవరింట్లో ఎలాంటి బట్టీ ఉందో ఆమెకి తెలియంది లేదు, అందుకని. జపమాల సంఘానికి పదేళ్ళుగా ఆవిడే అధ్యక్షురాలు. ఆవిడా సారా కాస్తుంది, మా వీధిలో సగం మంది ఆడవాళ్ళలాగే. వంటింట్లో అక్క పొయ్యి మీదుండే రాగి గొట్టాన్ని మా బావ ప్రతి ఆదివారం బూడిదతో తోమి అద్దంలా ఉంచేవాడు. ఆ సారా నేనూ ఎన్నోసార్లు తాగాను. ఏనాడూ తలనొప్పి కూడా రాలేదు.

చుట్టాలం గనక సందులోంచి, పెరటి తలుపు దారినే వెళ్తాం. పెరట్లో బావ బొగ్గు పోసుకునే షెడ్డు ఉంటుంది, ఎప్పుడూ తాళం. ఆ రోజు తాళం ఊడి గొలుసుకి వేలాడుతోంది, తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల్నుంచి పులిసిన ఊట వాసన కొట్టింది. దానికింద ఇంకో వాసన. నా పనిలో ఉన్నవాళ్ళకి అది ముక్కుకి తగలగానే తెలుస్తుంది. తలుపు తోశాను.

లోపల పెద్ద ఇనుప పీపా. పక్కన గోడకి ఆనించి నాలుగు ఇటుకల మీద కారు రేడియేటరు. పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం. కింద గొట్టానికి పాత మేజోడు కట్టి ఉంది, వడపోతకి. ఆ మేజోడు మడమ దగ్గర కుట్టు నేను గుర్తుపట్టాను. బావది. రేడియేటరు అతుకుల మీద తెల్లగా, బూడిద రంగుగా పొడి పేరుకుని ఉంది. గోటితో గీస్తే మెత్తగా ఊడి వచ్చింది.

ఊట డ్రమ్ము మీద మూత లేదు. అందులో ఒక ఎలుక పొట్ట ఉబ్బి, కాళ్ళు చాపి తేలుతోంది. చచ్చి ఎన్నో రోజులై ఉంటుంది. నేను చూస్తూ నిలబడిపోయింది ఎలుకని కాదు. డ్రమ్ము గోడకి అంటిన నురగలో గరిటె జాడలు తాజాగా ఉన్నాయి. ఎలుకని పక్కకి నెట్టి, ఇవతల నుంచి ఊట ముంచుకున్నారు. దాన్ని తీసి పారేసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

శవాలతో పదహారేళ్ళు గడిపిన నేను ఆ షెడ్డులో ముక్కు మూసుకున్నాను. బయటికొచ్చి తలుపు చేరవేసి, వంటింట్లోకి నడిచాను.

వంటింట్లో అక్క ఆదివారం నెత్తురు పులుసుకి బాతుని కోసింది. ఒళ్ళో పింగాణీ గిన్నె పెట్టుకుని, పట్టిన నెత్తురులో వెనిగర్ పోసి, గడ్డ కట్టకుండా చెక్క గరిటెతో తిప్పుతోంది.

"వచ్చావా పెల్కా, కూర్చో. చెయ్యి ఆపితే గడ్డ కట్టి చస్తుంది ఇది. ఆ ఈకలు కాస్త పీకి పెట్టు," అంది.

నేను కూర్చోలేదు. గోటి కింద ఇరుక్కున్న తెల్లపొడి ఆవిడ కళ్ళ ముందు పెట్టాను.

"ఏంటది?"

"నీ షెడ్డులోది."

గరిటె ఆగలేదు. ఆవిడ నా వేలు వైపు చూసింది, కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది, మళ్ళీ గిన్నెలోకి చూసుకుంది.

"తాళం వెయ్యమని మీ బావకి వందసార్లు చెప్పాను," అంది.

అక్క ఏమంటుందని అనుకున్నానో నాకే తెలియదు. తెలియదే అంటుందనుకున్నాను కాబోలు. తాళం గురించి మాట్లాడుతుందనుకోలేదు.

"దాంట్లోంచి వచ్చేది ఎవరికి పోస్తున్నావు?"

"పైవాళ్ళకి."

పైవాళ్ళంటే మేడ మీద రెండు గదుల్లో అద్దెకుండే మగాళ్ళు. ఏడుగురు ఉండేవాళ్ళు. ఎవరికీ ఇక్కడ పెళ్ళాంబిడ్డలు లేరు. వించెంటీ, లుకాష్ ఆ గదుల్లోనే పోయారు. ఇంక ఐదుగురు మిగిలారు.

"మరి మనకి?"

"మనది రాగిది. నీకు తెలుసుగా."

"నాకు తెలియదక్కా. ఇంట్లో రెండు బట్టీలున్నాయని నాకు ఇవాళే తెలిసింది."

"ఒక్క గొట్టంలోంచి ఎంత దిగుతుందే? పైనున్నవాళ్ళు గుర్రాల్లా తాగుతారు. పని నుంచి రావటం, గ్లాసు చాపటం. మీ బావ ఫ్యాక్టరీ చెత్తలోంచి అది పట్టుకొచ్చాడు, పని చేసింది. ఇక్కడ సగం ఊరు అలాగే కాస్తోంది."

"అందులో సీసం ఉంది. మనుషుల్ని చంపుతుంది. నిన్న డాక్టరు చెప్పాడు."

"డాక్టర్లు వంద చెప్తారు."

"నువ్వు ఎప్పుడైనా తాగి చూశావా?"

నెత్తురు మీద బుడగలు లేస్తే అక్క గరిటె అంచుతో పగలగొట్టింది.

"అక్కా, తాగి చూశావా అని అడుగుతున్నాను."

"చూశాను. మొదటిసారి కాచినప్పుడు. నాలిక మీద తియ్యగా తగిలింది. సారా తియ్యగా ఉండటమేంటని ఉమ్మేశాను. మీ బావ కూడా, ఇది మనకొద్దు, మనది వేరే ఉంచు అన్నాడు."

ఆవిడ ఎంత మామూలుగా చెప్పిందంటే, పాలు విరిగితే పిల్లికి పోశానన్నట్టు ఉంది. ఒక్క క్షణం నేనూ తలాడించబోయాను. అప్పుడు అర్థమైంది. నోట్లో పోసుకుంది. బాగాలేదని ఉమ్మింది. మూతి తుడుచుకుని మిగతాది మేడ మీదికి పంపింది.

"ఏది ఏదో ఎలా గుర్తుపడతావు?"

"మంచివాటి మెడకి ఎర్రదారం కడతాను," అంది అక్క.

ఎర్రదారం. పసిపిల్లల ఉయ్యాలకి దిష్టి తగలకుండా మేం కట్టేది. అక్క నా ఇద్దరు పిల్లల ఉయ్యాలలకీ తన చేత్తోనే కట్టింది. నాకు వించెంటీ దినం భోజనం గుర్తొచ్చింది. ఈ వంటింట్లోనే, రెండు బల్లలు కలిపి వేశారు. ఇవతలి కొసన మేం, చుట్టాలం. అవతలి కొసన పైవాళ్ళు. మా ముందున్న సీసాలకి ఎర్రదారాలు, వాళ్ళ ముందున్నవాటికి లేవు. నేను చూశాను. అక్కకి ఎంత ముచ్చటో, మన సీసాలకి కూడా దిష్టి తగలకుండా కట్టిందని నవ్వుకుని గ్లాసు నింపుకున్నాను. అవతల లుకాష్ తన గ్లాసు రెండు చేతుల మధ్య నొక్కి పట్టుకుని ఎత్తాడు, వేళ్ళు ముడుచుకోక. చచ్చిపోయిన స్నేహితుడి ఆత్మశాంతి కోసమని తాగాడు. ఆరు వారాల తర్వాత అతనికీ నేనే స్నానం చేయించాను. ఆ రోజు ముందు నిలబడి జపమాల చెప్పించింది అక్క.

నా చెయ్యి నాకే అసహ్యమనిపించి లంగాకి తుడుచుకున్నాను.

"అదే బల్ల మీద, అదే భోజనంలో వాళ్ళకి అది పోశావు," అన్నాను.

"మెడ వంచి తాగించానా? అడిగారు, పోశాను. నేను పొయ్యకపోతే ఇంకెవరో పోస్తారు, దానికంటే చెడ్డది. కళ్ళు పోయేది పోస్తున్నారు అటు కాలవ గట్టున, నీకు తెలుసా? వాళ్ళ బట్టలు ఉతుకుతున్నాను, వాళ్ళకి వండుతున్నాను. తెయోఫిల్‌కి చెంచా పట్టుకోవటం రాకపోతే రెండు వారాలుగా నేనే తినిపిస్తున్నాను, తెలుసా? ఎవరి పెళ్ళాం చేస్తుంది అంత?"

"తెయోఫిల్‌కి చేతులు వాలిపోయాయా?"

"కాస్త నీరసం."

"వాడికి అన్నం తినిపించి, ఆ తర్వాత?"

అక్క మొహం పక్కకి తిప్పుకుంది.

"ఆ తర్వాత ఏమిస్తున్నావు వాడికి?"

"నొప్పి అని ఏడుస్తాడే. అది రెండు గుక్కలు పడితే గాని పడుకోడు."

ఆవిడ నన్ను ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు ఓడెక్కించి, తన కోటు నాకు చుట్టి, తను వణుకుతూ ఈ దేశానికి తెచ్చిన మనిషి. నాకు జ్వరం వస్తే నా పక్కన నేల మీద పడుకున్న మనిషి. ఇప్పుడు నెత్తురు గిన్నె ఒళ్ళో పెట్టుకుని, జాలి పడవే అన్నట్టు నా వైపు చూస్తోంది. మోచేతి దాకా ఎర్రటి చుక్కలు. ఆవిడ ఒంటి మీంచి వెనిగర్ వాసన వస్తోంది. చిన్నప్పట్నుంచీ నాకు అది ఆదివారం వాసన. ఆ పూట మాత్రం ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది.

"తెయోఫిల్‌ని నేను తీసుకెళ్తున్నాను. ఇవాళే, ఆసుపత్రికి," అన్నాను.

"తీసుకెళ్ళి ఏం చెప్తావు? మా అక్క చంపిందని చెప్తావా?"

"అడిగితే చెప్తాను."

"చెప్పు. మీ బావని పట్టుకుపోతారు, నన్ను పట్టుకుపోతారు. తర్వాత వీధిలో నిన్నెవరు గుమ్మంలోకి రానిస్తారో చూడు. వాళ్ళెవరే నీకు? ఒక్కడి ఊరి పేరైనా తెలుసా?"

"ఫ్లోరియన్ గారి ఊరి పేరు తెలుసు. ఆయన మేడ మీదివాడు కాదుగా. ఆయన కూడా దీంతోనే పోయాడు."

గరిటె ఆగింది. ఆ మధ్యాహ్నం అది మొదటిసారి.

"ఆయనకి నేనివ్వలేదు," అంది అక్క.

"ఆయన చిగుళ్ళు నేను చూశాను."

"బంగళాకి వెళ్ళేవన్నీ దారం ఉన్నవే. ఫాదర్ గారికి, ఆర్గనిస్టు గారికి. మొదట్నుంచీ అంతే. జపమాల సంఘం పెట్టుకుని నేను బంగళాకి ఆ మురికి పంపిస్తానా?"

"మరి ఎలా వచ్చింది?"

గిన్నెలో నెత్తురు మీద సన్నగా మీగడలాంటి పొర కడుతోంది. అక్క చూస్తూనే ఉంది గాని గరిటె తిప్పలేదు.

"ఈస్టర్ పండుగ అయ్యాక ఒక శనివారం అపొలోనియా అడిగింది," అంది చివరికి. ఫాదర్ గారి బంగళాలో వంటా ఇల్లూ చూసుకునే మనిషి అపొలోనియా. ఫ్లోరియన్ గారికి మూడు పూటలా భోజనం ఆవిడ చేతిదే. "ఎప్పుడూ పట్టుకెళ్ళే రెండూ తీసుకుంది. తీసుకుని, పైవాళ్ళకి పోసేది ఒకటి ఇవ్వండి అంది. అది మీకు పనికిరాదమ్మా అన్నాను. నాకు తెలుసు అంది."

"ఎలా తెలుసు?"

"నేనే చెప్పాను. అంతకుముందు ఒకరోజు, దారాలెందుకని అడిగితే. ఆడవాళ్ళం మాట్లాడుకుంటాం కదా."

"అడిగితే ఇచ్చేశావా?"

"ఇచ్చాను. అప్పట్నుంచి ప్రతి శనివారం ఒకటి."

"ఎవరికని అడగలేదా?"

"లేదు." అక్క గొంతు దిగిపోయింది. "అడిగితే చెప్తుందేమోనని అడగలేదు."

ఈస్టర్ నుంచి అక్టోబరు దాకా, ప్రతి శనివారం. అక్క చేసింది పాపం. దానికి పేరుంది, ఫాదర్ గారి ముందు మోకరించి చెప్పుకోవచ్చు. ఇదైతే అపొలోనియా ఎవరికి పోయాలో ఎంచి, తెలిసి, అడిగి పట్టుకెళ్ళింది. గొంతెత్తి మాట్లాడటం కూడా తెలియని ముసలాయన, చలికాలంలో ఆర్గన్ మెట్ల మీద వేళ్ళు కొంకర్లు పోతుంటే నోటితో ఊదుకుని వాయించేవాడు. ఆయన మీద ఎవరికి ఏం పగ?

పెరటి తలుపు మీద రెండుసార్లు తట్టారు. అక్క గడియారం వైపు చూసింది. మూడు.

"ఆవిడే," అంది పెదాలతో, గొంతు లేకుండా.

నేను సామాన్ల గది కర్టెన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. "ఎప్పుడూ ఎలా మాట్లాడతావో అలాగే మాట్లాడు," అన్నాను. నా కాళ్ళ దగ్గర సీసాలు వరసగా ఉన్నాయి, ఎర్రదారాలతో. కాలు తగలకుండా జరిగాను.

తలుపు తీసిన చప్పుడు. అపొలోనియా లోపలికొచ్చింది. కర్టెన్ సందులోంచి ఆవిడ చేతులు కనిపిస్తున్నాయి. నల్ల గ్లౌజులు, మోచేతికి బుట్ట, బుట్ట మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ.

"దేవుడికి స్తోత్రం రోజాలియా గారూ. బాతు పులుసా? వెనిగర్ వాసన గేటు దాకా వస్తోంది."

"ఆదివారం కదమ్మా," అంది అక్క.

"నాకూ చేసే ఓపిక ఉంటే బాగుండు. గురువారం అంత్యక్రియలతో నడుం విరిగింది. రెండు సీసాలు ఇవ్వండి. ఇంకోటి కూడా, మామూలుగా ఇచ్చేది."

అక్క గిన్నె మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"ఫ్లోరియన్ గారు పోయారుగా," అంది.

"అయ్యో, ఆయనకి కాదండీ. ఫాదర్ గారికి."

"ఫాదర్ గారికా?"

"పాపం, మూడు వారాలుగా కడుపులో నొప్పి. భోజనం సయించటం లేదు. తేనె కలిపి గోరువెచ్చగా ఇస్తున్నాను. గ్లాసు ఆయన చేతిలో నిలవటం లేదు, నేనే పట్టి తాగిస్తున్నాను."

పోయిన ఆదివారం పూజలో ఫాదర్ గారు అప్పం ఎత్తబోతే రెండుసార్లు చెయ్యి జారింది. ముసలితనమని మేమంతా తలలు వంచుకున్నాం.

కర్టెన్ తోసుకుని బయటికి వచ్చాను. ఏం అనాలో తెలియకుండానే వచ్చాను. అక్క చేతిలో గిన్నె ఒరిగి, నెత్తురు ఆవిడ ఒళ్ళోకి కారింది. తుడుచుకోలేదు.

అపొలోనియా నన్ను చూసి ఉలిక్కిపడలేదు. కొంచెం కళ్ళు చికిలించింది. గ్లౌజు వేళ్ళు ఒక్కొక్కటే సర్దుకుంది. అక్క వైపు, నా వైపు, సామాన్ల గది వైపు చూసి, మేం ముగ్గురం ఒకటే అన్నట్టు తలాడించింది.

"మీరూ ఇక్కడే ఉన్నారా పెలాగియా గారూ. మంచిదైంది. ఈ ఇంటి మనిషే కదా, మీ దగ్గర దాపరికం ఏముంది," అంది. గొంతు తగ్గించి, దగ్గరికి జరిగి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నేనే మీ ఇంటికి వచ్చి చెప్దామనుకుంటున్నాను. ఈ నెలాఖరు దాకా ఊరొదిలి ఎక్కడికీ వెళ్ళకండి. బంగళాలో మీతో పని పడుతుంది."